మిగిలినవారికి తోడు

వృద్ధాప్యముచేతనో వ్యాధిచేతనో ఒక మనిషి కన్నుమూసినప్పుడు ఆ యింటి వాకిట మొదట నిలుచువారు బంధువులును ఇరుగుపొరుగువారును. పొయ్యి వెలుగని ఆ యింటికి పక్కింటినుండి అన్నము వచ్చును, పాడె కట్టుటకు పిలువకయే నలుగురు కూడుదురు, ఆడువారు ఇల్లాలిని పట్టుకొని శోకాలు తీయుదురు. మనిషి తన ప్రాణమును తానే తీసికొన్న యింటికి మాత్రము తరచుగా మొదట వచ్చువారు పోలీసులు. చట్టము విధించిన క్రమము అట్టిది. మరణము అసహజమైనచో, పూర్వము క్రిమినల్ ప్రొసీజరు కోడు 174వ సెక్షను ప్రకారమును, నేడు భారతీయ నాగరిక సురక్షా సంహిత 194వ సెక్షను ప్రకారమును, పెద్దమనుషుల యెదుట శవపంచనామా జరుగవలెను. దేహమును పోస్టుమార్టమునకు పంపవలెను. పోయినది పెండ్లియై ఏడేండ్లు నిండని స్త్రీ యైనచో మేజిస్ట్రేటు అధికారముగల రెవెన్యూ యుద్యోగి వచ్చి విచారింపవలెను. హత్యను కప్పిపుచ్చుటకు వీలులేకుండుటకై ఈ యేర్పాటు అవసరమే. కాని ఆ యింటివారి చెవిని మొట్టమొదట పడు మాట ఓదార్పు కాక ప్రశ్న యగుచున్నది. "రాత్రి గొడవేమైనా జరిగిందా? అప్పులెంత ఉన్నాయి? ఎవరిమీదైనా అనుమానముందా?" పోలీసులు వెళ్లిన పిదప పరామర్శకు వచ్చినవారి నోటను ఇవే ప్రశ్నలు, ఇంచుక మెత్తని గొంతుతో, మరల వినవచ్చును. "నీకేమీ తెలియలేదా అమ్మా?" అని ఒకరు; "మొన్న కూడా బాగానే మాట్లాడాడే" అని మరొకరు. ఆ మాట లాడినవారు దుష్టులు కారు, వారికిని దిగ్భ్రమయే. అయినను ఆ తల్లికి, ఆ భార్యకు, ఆ మాటలలో వినబడునది ఒక్కటే: కనిపెట్టవలసినది నీవు, కనిపెట్టలేకపోతివి.

ఆ మిగిలినవారిని గూర్చియే ఈ వ్యాసము. ఆత్మహత్య జరిగిన యింటి దుఃఖము, తక్కిన దుఃఖములవలె కాలము గడచినకొలది తనంత తాను తగ్గునని లోకము తలచును. అట్లు తగ్గకపోవుటకు కారణము పోయినవానియందు గల ప్రేమాధిక్యము మాత్రమే కాదు, ఆ దుఃఖమును బయట పెట్టుకొనుటకు చోటు లేకపోవుట. "ఎందుకు?" అను ప్రశ్న ఆ యింట పగలును రాత్రియు మెదలుచునే యుండును, దానికి నిండైన సమాధానము ఎన్నడును దొరకదు, ఏలయన ఆ సమాధానమును చెప్పగలిగిన ఒకే ఒక మనిషి లేడు, ఉన్నను, ఆ వేళ తన మనస్సును తానే పూర్తిగా ఎరిగియుండునని చెప్పజాలము. కావున మిగిలినవారిని నిలబెట్టునది సమాధానము కాదు. ఆ ప్రశ్నను ఎన్నిమారులైనను జంకులేక అడుగుకొనుటకు, తీర్పు చెప్పక వినుటకు, మనుషులు దొరకుట. ఇది ఓదార్పు కొరకు చెప్పుమాట కాదు. అనుభవముచేతను పరిశోధనచేతను స్థిరపడుచు వచ్చిన విషయము.

జాతీయ నేరగణాంక విభాగము లెక్క ప్రకారము 2022వ సంవత్సరమున మన దేశమునందు ఆత్మహత్యవలన మరణించినవారు 1,70,924 మంది. ఈ సంఖ్య పోయినవారిది. మిగిలినవారికి పట్టిక లేదు. ఒక్కొక్క మరణమువలన తీవ్రముగా గాయపడువారు ఆరుగురుందురని ఒకప్పుడు ఆత్మహత్యాశాస్త్రజ్ఞులు ఉజ్జాయింపుగా చెప్పుచుండిరి. 2018లో అమెరికాలో జూలీ సెరెల్ అను విదుషీమణియు ఆమె సహచరులును ప్రకటించిన అధ్యయనమున, అట్టి ఒక్క మరణము సుమారు 135 మందిని తాకుచున్నదని తేలినది. అందరికిని గాయము ఒకే లోతున తగులదు. కొందరికి అది ఒక విషాదవార్త, కొందరికి జీవితము రెండుగా చీలిన దినము. అయినను తల్లిదండ్రులును భార్యాబిడ్డలును మాత్రమే దుఃఖితులని తలచుట పొరపాటని ఈ సంఖ్య తెలుపుచున్నది. ఒకే బల్లమీద కూర్చున్న సహపాఠి, రోజూ కలిసి టీ త్రాగిన తోటి గుమాస్తా, చివరి దినమున వైద్యము చేసిన డాక్టరు, వీరెవ్వరికిని పరామర్శ లేదు, సెలవు లేదు.

ఈ దుఃఖమునందు కలియు భావములు అనేకము. అపరాధభావమును గూర్చి అందరు నెరుగుదురు. జరిగినది తెలిసిన పిదప వెనుకకు చూచినప్పుడు, మునుపు అర్థము లేకుండ గడచిన ప్రతి చిన్నసంగతియు సూచనవలె కనబడును: వారము దినముల క్రితము బీరువా సర్దినాడు, చెల్లెలికి ఫోను చేసి నవ్వుచు మాటలాడినాడు, అన్నము సగములో వదలి లేచినాడు. ఆ సంగతులు అన్నియు ఏ మరణమును లేని వేలాది యిండ్లలోను జరుగుచునే యున్నవని ఆ వేళ ఎవ్వరు జ్ఞాపకము చేయగలరు? కోపము మరియొకటి. "నన్నును పిల్లలను ఇట్లు వదలి ఎట్లు పోగలిగినాడు" అను కోపము న్యాయమైనదే. కాని చచ్చినవానిమీద కోపించుట పాపమని పెరిగిన మనసు దానిని లోపలనే అణచును. అన్నిటికంటె చెప్పరానిది ఉపశమనము. ఏండ్లతరబడి తీవ్రమైన మనోవ్యాధితోనో తాగుడుతోనో బాధపడినవానిని కనిపెట్టి, ప్రతి రాత్రియు తలుపు చప్పుడునకు ఉలికిపడిన భార్యకు, ఆ భయము ముగిసినదను భావము ఒక్క క్షణము కలుగవచ్చును. కలిగిన మరుక్షణమే తన్ను తాను రాక్షసినని తలచును. ఈ మాటను తల్లితో చెప్పలేదు, అత్తతో అసలే చెప్పలేదు. అదే వాకిలి దాటినవారితో తప్ప చెప్పుకొనలేదు.

ఈ దుఃఖమునకు మూగతనము నేర్పినది సమాజమే. ఇంగ్లండులో 1823వ సంవత్సరపు శాసనము వచ్చువరకు, ఆత్మఘాతకుని దేహమును శ్మశానమున గాక నాలుగుదారుల కూడలిలో పాతిపెట్టు ఆచారముండెను. ఆత్మహత్యాప్రయత్నము అక్కడ నేరము కాకుండ పోయినది 1961లో మాత్రమే. బుద్ధిపూర్వకముగా ప్రాణము తీసికొన్నవారికి చర్చిలో అంత్యక్రియలు లేవని 1917 నాటి కాథలిక్ ధర్మసంహిత నిషేధించినది. 1983 నాటి సంహితయందు ఆ నిషేధము లేదు. మన ధర్మశాస్త్రములును దుర్మరణము పొందినవారికి యథావిధిగా ఉత్తరక్రియలు జరుపరాదనియు, కాలము గడచిన పిదప నారాయణబలి జరిపి తరువాతనే తక్కిన క్రియలు నిర్వర్తింపవలెననియు చెప్పినవి. ఈ నారాయణబలిని గూర్చి ఒక్కమాట. దీనిని కేవలము భయముచే చేయు శాంతిగా కొందరు చూతురు. నాకు అందు కరుణయును కనబడుచున్నది. వెలివేసిన సమాజమే, వెలివేయబడినవానిని తిరిగి పితృదేవతల పంక్తిలో కూర్చుండబెట్టుటకు ఒక వాకిలిని మిగిల్చినది. ఆ వాకిలిని తెరచి చూపు పురోహితునకును, "మీవాడు ప్రేతమై తిరుగుచున్నాడు" అని బెదరించి దక్షిణ పెంచు పురోహితునకును నడుమ ఎంత అంతరమో ఆ యింటివారికి తెలియును.

1860 నాటి శిక్షాస్మృతియందలి 309వ సెక్షను మన దేశమున ఆత్మహత్యాప్రయత్నమును నేరముగా నిలిపినది. 2017 నాటి మానసిక ఆరోగ్య పరిరక్షణ చట్టము, అట్టి ప్రయత్నము చేసినవాడు తీవ్రమైన మానసికవేదనలో నున్నాడని భావించి శిక్షింపక చికిత్స చేయింపవలెనని చెప్పినది. 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో ఆ పాత సెక్షనే లేదు. చట్టము మారినది. వీధిలోని మాట మారుటకు ఇంకను కాలము పట్టునట్లున్నది. నేటికిని ఎన్నియో యిండ్లలో "గుండెపోటు" అని చెప్పి సంగతిని కప్పుకొనుచున్నారు. కప్పుకొన్నందుకు వారిని నిందింపరాదు. కాని ఆ కప్పుటవలన వచ్చు నష్టము పెద్దది: ఒక అబద్ధమును జీవితాంతము మోయవలసివచ్చుటయే కాక, వచ్చిన ప్రతి ఓదార్పును వేరొక మరణమునకు వచ్చినది యగును.

మిగిలినవారి సంగతి శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చినదియు ఆలస్యముగనే. అమెరికాలో ఎడ్విన్ ష్నైడ్‌మన్ తన మిత్రులతో కలిసి 1958లో లాస్ ఏంజెలీస్ నగరమున ఆత్మహత్యానివారణ కేంద్రమును స్థాపించెను. నివారణతోపాటు, జరిగిన పిదప మిగిలినవారికి చేయవలసిన సేవయును ప్రత్యేకమైన విధియని చెప్పి, దానికి 'పోస్ట్‌వెన్షన్' అని పేరుపెట్టినవాడు ఆయనయే. నేడు చేసిన ఆ సేవయే రాబోవు తరమునకు నివారణ యగునని ఆయన మతము. అమెరికా సెనేటు సభ్యుడు హ్యారీ రీడ్, 1972లో తన తండ్రిని ఈ విధముగనే పోగొట్టుకొన్నవాడు, 1999లో ప్రవేశపెట్టిన తీర్మానమువలన నవంబరు నెలలో ఒక శనివారము మిగిలినవారి దినముగా ఏర్పడి, నేడు అనేక దేశములలో ఆనాడు వారు ఒకచోట కూడుచున్నారు.

ఆ దేశములోనే లూయిసియానా రాష్ట్రమున బాటన్ రూజ్ నగరమందు ఫ్రాంక్ క్యాంప్‌బెల్ అను ఆయన 1990ల చివర ఒక పద్ధతిని ప్రారంభించెను. అంతకుమునుపు సహాయకేంద్రములు తలుపు తెరచుకొని కూర్చుండెడివి; దుఃఖితులు తమంత తాము రావలెను. వచ్చుటకు వారికి సగటున నాలుగు సంవత్సరములకు పైగా పట్టుచుండెను. క్యాంప్‌బెల్, ఇదివరలో తమవారిని ఇట్లే పోగొట్టుకొని తేరుకొన్నవారిని ఎన్నుకొని, శిక్షణ యిచ్చి, పోలీసులు వెళ్లు వేళకే ఆ యింటికి పంపెను. వారు అచ్చట ఉపన్యాసము చేయరు. "మా యింట కూడ ఇట్లే జరిగినది, మేము ఇంకను బ్రతికియున్నాము" అని తెలియునట్లు పక్కన నిలుతురు, ఒక ఫోను నంబరు ఇత్తురు. దానివలన సహాయము కోరి వచ్చువరకు పట్టు కాలము రెండు నెలలలోపునకు దిగినది. నాలుగు సంవత్సరములు ఒక మనిషి ఏమి మోసియుండునో ఊహించుకొన్నప్పుడు ఈ భేదము విలువ తెలియును.

మన ప్రాంతమునకు సమీపముననే మరియొక యుదాహరణము కలదు. మదురైలో నివసించు రచయిత్రి నందినీ మురళి 2017లో భర్తను ఆత్మహత్యవలన కోల్పోయిరి. ఆమె ఆ సంగతిని దాచక, తనవంటివారికొరకు 'స్పీక్' అను కార్యక్రమమును ప్రారంభించి, తన యనుభవమును 'లెఫ్ట్ బిహైండ్' అను గ్రంథముగా 2021లో ప్రకటించిరి. చదువుకొన్నవారి యిండ్లలోను, డాక్టర్ల కుటుంబములలోను ఇది జరుగునని, జరిగిన పిదప తలయెత్తి మాటలాడవచ్చునని, ఒక స్త్రీ తన పేరుతో చెప్పుట దక్షిణదేశమున చిన్నవిషయము కాదు.

అట్టివారి సమావేశములలో నిజముగా జరుగునది ఏమి? బయటివారికి అది చాల సామాన్యముగా కనబడును. పదిమందికి మించని గుంపు; వలయముగా కుర్చీలో, చాపయో. ప్రతివారును తమ పేరును, పోయినవారి పేరును చెప్పుదురు. మాటలాడుట యిష్టము లేనివారు ఊరకుండవచ్చును, వారిని ఎవ్వరును బలవంతపెట్టరు. ఇక్కడ చెప్పినది బయటకు పోదు. ఎట్లు చనిపోయినారను వివరములోనికి పోరు, ఏలయన అది వినువారి గాయమును రేపును. అన్నిటికంటె కఠినమైన నియమము సలహా యీయకుండుట. "గుళ్లోకి వెళ్లిరా", "మనసు రాయి చేసుకో", "ఆయన ఆయుష్షు అంతే" అను మాటలు అచ్చట చెల్లవు.

ఒక నడివయస్సు తల్లి అనుకొందము. మూడు సమావేశములవరకు పేరు తప్ప మరేమియు చెప్పనిది, నాలుగవమారు తలవంచుకొని చీరకొంగును వేలికి చుట్టుకొనుచు అనును: "ఆ రోజు మధ్యాహ్నం వాడు ఫోన్ చేశాడు. నేను బ్యాంకులో లైనులో ఉన్నా. ఇంటికెళ్లి చేద్దాంలే అనుకున్నా." ఇట్టిచోట తెలిసిన డాక్టరైనను ఏమి చెప్పగలడు? నీ తప్పు కాదని చెప్పును. ఆ మాటను ఆమె ఇదివరకే నూరుమార్లు వినియున్నది. కాని ఎదుట కూర్చున్న ఒక తండ్రి కొంతసేపు ఊరకుండి, "మా అమ్మాయి ఫోన్ నేను ఎత్తానమ్మా. పది నిమిషాలు మాట్లాడాను. నవ్వింది కూడా. అయినా నాకు తెలియలేదు" అని చెప్పినప్పుడు, ఆమె తన మనస్సులో నిత్యము నడుపుకొనుచున్న న్యాయస్థానమునకు మొదటిసారి ఒక సాక్షి దొరకును. ఎత్తియుండినచో బ్రతికియుండెడివాడను నమ్మకము ఆ క్షణముననే పోదు. ఇంచుక సడలును. మరునాడు మరల బిగియును; మరుసటి నెల మరల సడలును. మానుట యనగా ఇట్టిదే, ఇంత మెల్లనిదే.

తెలుగునాట ఈ దుఃఖము పత్తిచేలలోను వేరుసెనగ చేలలోను ఎక్కువ చిరపరిచితము. 1997–98లో వరంగల్లు జిల్లాలో పురుగు సోకి పత్తి పోయినప్పుడు జరిగిన రైతుల మరణములు దేశమంతటికిని తెలిసినవి. రైతు పోయిన యింట భార్యకు దుఃఖించుటకైన తీరిక దొరకదు. 2004లో ఉమ్మడి రాష్ట్రము 421వ నంబరు జీవో ద్వారా అట్టి కుటుంబమునకు లక్షన్నర రూపాయల సహాయమును నిర్ణయించినది. 2015లో తెలంగాణ దానిని ఆరు లక్షలు చేసినది. ఆంధ్రప్రదేశ్ 2019లో ఏడు లక్షలు చేసినది. ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయశాఖ సహాయ సంచాలకుడు, ఈ ముగ్గురు విచారించి ఇది రైతు ఆత్మహత్యయే యని ధ్రువీకరింపవలెను. ఎఫ్‌ఐఆర్ నకలు, పోస్టుమార్టము రిపోర్టు, పట్టాదారు పాసుపుస్తకము, అప్పు పత్రములు కావలెను. కౌలుకు చేసినవానికి పాసుపుస్తకము ఎక్కడిది? వడ్డీవ్యాపారియొద్ద తెచ్చిన అప్పునకు పత్రమెక్కడిది? రైతు స్వరాజ్య వేదికయును టాటా సామాజికశాస్త్ర సంస్థ విద్యార్థులును తెలంగాణలో 692 కుటుంబములను పరిశీలించి 2018లో చెప్పినది, పోయిన రైతులలో నూటికి డెబ్బదియైదుగురు కౌలుదారులని. ఆ యిల్లాలు తన భర్త మరణమును పది కార్యాలయములలో పదిమార్లు నిరూపింపవలెను, ప్రతిచోటను "తాగేవాడా? ఇంట్లో గొడవలా?" అను మాటను పడవలెను.

ఇట్టిచోట సమాజపు తోడు అనగా మెత్తని మాటలు కావు, బస్సెక్కి వెంట వచ్చుట. రైతు స్వరాజ్య వేదిక వంటి సంఘములు ఈ స్త్రీలను ఒకచోట చేర్చినప్పుడు, వారు మొదట చేరినది సహాయధనము కొరకే. కాని ఒడిలో భర్త ఫొటో పెట్టుకొని తనవంటి పదుగురి నడుమ ధర్నాలో కూర్చున్న స్త్రీ, ఇంటియొద్ద గోడకు త్రిప్పిపెట్టిన ఆ ఫొటోను నలుగురి యెదుట మొదటిసారిగా బయటకు తీసినదని మరువరాదు. అందు అడుగుటయు కలదు, ఏడ్చుటయు కలదు. ఎవరి కాగితము ఏ గదిలో ఆగినదో, ఏ గుమాస్తా కసరునో, ఏ పూట పోయిన పని యగునో ముందు నడచినవారు వెనుకవారికి చెప్పుదురు, ఆ మాటల నడుమనే, ఎవరును ప్రత్యేకముగా అడుగకయే, "మీ ఆయన ఎట్లుండేటోడు అక్కా?" అను ప్రశ్న వచ్చును. భర్త ఎట్లు చనిపోయెనని గాక ఎట్లుండెడివాడని అడిగినవారు ఆమెకు అంతవరకు లేరు.

నా యభిప్రాయమున, పాశ్చాత్యుల కుర్చీల వలయమును యథాతథముగా తెచ్చి మన పల్లెలలో దింపుటకంటె, ఇదివరకే మనయొద్దనున్న కూడికలను దీనికి సిద్ధపరచుట మేలు. ప్రతి నెలయు కూడు పొదుపు సంఘము కలదు. చర్చిలలో స్త్రీల ప్రార్థనకూటములు కలవు, కులసంఘములు కలవు, భజనమండలులు కలవు. ఆ సంఘము లీడరునకు రెండు మూడు విషయములు తెలిసియున్నచో చాలును: పోయినవాని పేరును చెప్పుటకు జంకరాదనియు, కారణమును వెదకి ఎవ్వరిమీదను మోపరాదనియు, వాయిదా బాకీ పడినందుకు ఆ స్త్రీని ఆ నెల సంఘమునుండి తీసివేయరాదనియు. వికారాబాదు జిల్లాలో 2017లో ప్రారంభమైన కిసాన్ మిత్ర సహాయకేంద్రము రైతులకు ఫోనులో అందుబాటులో నుండి, వారి సమస్యను అధికారులవరకు వెంబడించు పద్ధతిని చూపినది. ఇటువంటిదే ప్రతి జిల్లాకును కావలెను.

తోడు లేకపోవుటవలన కలుగు హాని ఎంతటిదో తెలుపు పరిశోధన ఒకటి కలదు. లండను యూనివర్సిటీ కాలేజీకి చెందిన అలెగ్జాండ్రా పిట్‌మన్ 2016లో ప్రకటించిన అధ్యయనమున, ఆకస్మికముగా ఆప్తులను పోగొట్టుకొన్న 3,432 మంది యువతీయువకులను ప్రశ్నించిరి. సహజకారణములచే హఠాత్తుగా ఆప్తులు పోయినవారికంటె, ఆత్మహత్యవలన పోగొట్టుకొన్నవారు తామును ఆ ప్రయత్నము చేయు అవకాశము 65 శాతము అధికముగా నుండెను. రక్తబంధువులకు మాత్రమే గాక మిత్రులకును అట్లే. గమనింపదగినదేమనగా, లోకము తమను వేలెత్తి చూపుచున్నదను భావమును లెక్కలోనికి తీసికొన్నప్పుడు ఆ భేదము చాలవరకు తగ్గినది. అనగా వంశమునందలి శాపము కాదు, రక్తమునందలి దోషము మాత్రమే కాదు. వీధిలోని చూపునకును ఆ యాపదలో పెద్దపాలు కలదు. చూపును మార్చుకొనుట మనవంతు పని.

తోడు అన్నిటికిని మందు కాదని కూడ చెప్పవలెను. నెలలు గడచినను నిద్రాహారములు లేనివారికి, తామును పోవలెనని తలచువారికి, మనోవైద్యుని సహాయము వెంటనే కావలెను. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ అను సేవకు 14416 అను నంబరునకు ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాటలాడవచ్చును. "చచ్చిపోవాలని ఉందా?" అని సూటిగా అడిగినచో లేని తలపు పుట్టునేమో యని పలువురు భయపడుదురు. అట్లు పుట్టదు. అడిగినవారు దొరికినారని ఆ మనిషికి ఊపిరి ఆడును.

పిల్లలను గూర్చి మనవారు చేయు పొరపాటు ఒకటి మిక్కిలి సామాన్యము. "నాన్న ఊరెళ్లాడు" అని చెప్పుదురు. నాన్న ఊరికి వెళ్లలేదని బడిలో తోటిపిల్లలు మూడవనాడే చెప్పుదురు. అప్పుడు ఆ పిల్లవాడు తండ్రినే గాక, తల్లిమాటమీది నమ్మకమునుకూడ పోగొట్టుకొనును. ఐదేండ్ల బిడ్డకు ఐదేండ్ల మాటలు చాలును: నాన్న మనసుకు చాల జబ్బు చేసినది, ఆ జబ్బువలన చనిపోయినాడు, నీవు అల్లరి చేసినందువలన కాదు. ఈ చివరిమాట చెప్పనిదే తక్కినవి నిష్ప్రయోజనము, ఏలయన ప్రతి బిడ్డయు తనవలననే జరిగినదని లోలోపల తలచుచుండును. బడికి తిరిగి వచ్చినవానిని ప్రక్కకు పిలిచి, "ఏడుపొస్తే చెప్పు, బయట కూర్చుందాం" అని చెప్పిన పంతులమ్మ చేయుమేలు చిన్నది కాదు.

ఇరుగుపొరుగు చేయదగినదానిలో అతికష్టమైనది, పెద్దకర్మ ముగిసిన పిదప వచ్చు కాలమును కనిపెట్టియుండుట. పదకొండు దినములు ఇల్లు నిండియుండును. పన్నెండవనాటినుండి ఎవ్వరును రారు. ఆ తరువాతనే అసలు కష్టము: మొదటి పండుగ, పుట్టినరోజు, పరీక్షాఫలితములు వచ్చిన దినము, సంవత్సరీకము. ఆ దినములను కాలెండరుమీద వ్రాసియుంచుకొని ఆనాడు వెళ్లి కూర్చుండువారు ఊరికి ఇద్దరున్నను మేలు. ఏమి మాటలాడవలెనో తెలియక వెళ్లుట మానువారు ఎందరో! ఏమియు మాటలాడనక్కరలేదు. చిక్కుడుకాయలు ఒలుచుచు కూర్చుండవచ్చును. మాట వచ్చినప్పుడు పోయినవాని మంచిసంగతి ఒకటి జ్ఞాపకము చేయవచ్చును. ఆ మనిషి బ్రతికిన నలువది సంవత్సరములు ఆ చివరి దినముచే తుడిచిపెట్టుకొని పోలేదని ఆ యింటివారికి అప్పుడు తెలియును. పసుపుకుంకుమలకు, పెండ్లికి, బారసాలకు ఆ యిల్లాలిని పిలుచుట మానరాదు, రాకపోయినను పిలువవలెను.

ఈ విషయమున ఊరికి కలుగు నిజమైన పరీక్ష సంబంధముల వేళ వచ్చును. "ఆ యింట అట్లు జరిగినది, ఆ పిల్లను చేసికొనవద్దు" అను మాట పది సంవత్సరముల తరువాత సైతము వెంటాడును. అది తెలిసియే పెద్దలు మొదటినాడే గుండెపోటని చెప్పుటకు సిద్ధపడుదురు, ఆ యొక్క మాటకొరకే చెల్లెలు అన్న పేరును ఎత్తుట మానివేయును. మానసికవ్యాధులకు వంశపారంపర్యము కొంత కలదు. రక్తపోటునకును మధుమేహమునకును ఉన్నట్లే. అది విధి కాదు, జాగ్రత్తపడవలసిన సంగతి మాత్రమే. ఆరా తీయుటకు వచ్చినవారితో "అవును, వాళ్ల అన్న అట్లా పోయాడు, మంచి కుర్రాడు, ఈ పిల్ల మా కళ్లముందు పెరిగింది, మాదీ పూచీ" అని వెనుదీయక చెప్పగల పెద్దమనుషులు ఆ వీధిలో ఇద్దరున్నచో, ఆ యింటివారికి అబద్ధము చెప్పవలసిన యవసరము తప్పును.